శ్రీకాకుళం నుంచి ఒక చిన్న నెట్ పత్రిక: నా అనుభవం

నెట్‌లో సాహిత్య పత్రిక పెడదామనుకుంటున్నాం, ఎంత ఖర్చవుతుంది, ఎంత పని ఉంటుంది అని ఈమధ్య కొందరు ఫోన్ చేసి అడిగారు. ఒకరు పార్వతీపురం నుంచి, ఇంకొకరు బరంపురం నుంచి. ఫోన్లో చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పేకంటే రాసి పెడితే నయమనిపించింది. 2023 దసరాకి మొదలుపెట్టాం. ఇది రాస్తున్నది 2025 డిసెంబరులో. పత్రిక పేరు రాయడం లేదు. ఇది ప్రచారం కోసం కాదు, ఈ పనిలోకి దిగేవాళ్ళకి లోపల ఏం జరుగుతుందో తెలియాలని.

మేం ముగ్గురం. నేను ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతాను. రెండోవాడు డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర డీటీపీ పనిచేసే అబ్బాయి, మా తమ్ముడి స్నేహితుడు. మూడో ఆయన విజయనగరంలో ఉండే రిటైర్డ్ మాస్టారు, ప్రూఫులు ఆయన చూస్తారు. కరోనా తర్వాత వారపత్రికలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మా వైపు రాసే కుర్రాళ్ళకి కథ ఎక్కడికి పంపాలో తెలియని పరిస్థితి వచ్చింది. కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మా ఊళ్ళో కథానిలయం పేరుతో తెలుగు కథల గ్రంథాలయం తెరిచారు. సెలవుల్లో అక్కడ కూర్చుని పాత పత్రికలు తిరగెయ్యడం నాకు అలవాటు. పెద్ద పత్రికలకంటే నాలుగైదు సంచికలు వచ్చి ఆగిపోయిన చిన్న పత్రికలే నన్ను ఎక్కువ పట్టుకునేవి. వాటిలో ఒకే ఒక్క కథ రాసి మరి కనిపించని పేర్లుంటాయి. వాళ్ళు ఎందుకు మానేశారు, ఎవరైనా ఒక జవాబు రాసి ఉంటే ఇంకో కథ వచ్చేదా అని ఆలోచన. పత్రిక పెట్టాలన్న కోరిక అక్కడే పుట్టింది.

సైటుకి పేరు దొరకడానికి మూడు వారాలు పట్టింది. మేం అనుకున్న ప్రతి పేరూ, మా నదుల పేర్లతో సహా, ఎవరో ముందే కొనిపెట్టుకున్నారు. విజయనగరంలో సిరిమానోత్సవం అయిన వారంలో చివరికి ఒకటి కుదిరింది. డొమైనూ (అంటే సైటు పేరు), హోస్టింగూ (అంటే సైటు ఉండడానికి సర్వరు అద్దె) కలిపి మొదటి ఏడాదికి నాలుగున్నర వేలు. ఇక్కడొక సంగతి. హోస్టింగు కంపెనీలు నెలకి వంద అని పెద్ద అక్షరాల్లో వేస్తాయి. అది మూడు నాలుగేళ్ళకి ఒకేసారి కడితేనే. దానిమీద 18 శాతం జీఎస్టీ. రెండో ఏడాది రెన్యువల్ ధర మొదటిదానికి దాదాపు రెట్టింపు. మేం ఒక ఏడాదికే కట్టాం, గడువు తీరాక వేరే కంపెనీకి మారాం. మారడానికి వారం రోజులు పట్టింది.

పత్రికకి కలెక్టరేట్లో రిజిస్ట్రేషన్ కావాలేమోనని మా ప్రూఫుల మాస్టారు భయపడ్డారు. తెలిసిన వకీలుగారిని అడిగితే ఆ చట్టం అచ్చు పత్రికలకే అన్నారు, ఫీజు కూడా తీసుకోలేదు.

నవంబరు మొదటి వారంలో రచనలు పంపమని వాట్సాప్‌లో పెట్టాం. పది రోజులపాటు ఒక్కటీ రాలేదు. రోజూ బడి నుంచి రాగానే మెయిల్ తెరిచి చూసుకునేదాన్ని, గుండె జారిపోయేది. తర్వాత ఒక ఆదివారం మొదలయ్యాయి, ఇక ఆగలేదు. అయితే ఏ రూపంలో వచ్చాయో చెప్పాలి, ఎందుకంటే మాకు దీని గురించి ముందు ఎవరూ చెప్పలేదు. లాంగ్ నోట్‌బుక్‌లో రాసి ఫోన్‌తో తీసిన ఫొటోలు, పేజీ మీద చేతి నీడతో సహా. పేజీల నంబర్లు లేకుండా ముందువెనకలుగా వచ్చినవి. ఫోన్‌కి నోటితో చెప్పి టైపు చేయించినవి, వాటిలో మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఫుల్‌స్టాపు ఉండదు. అన్నిటికంటే ఎక్కువ, 'అను' అనే తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైళ్ళు.

మన ప్రెస్సుల్లో పుస్తకాలూ శుభలేఖలూ కరపత్రాలూ ఏళ్ళ తరబడి ఆ ఫాంట్లలోనే తయారయ్యాయి. పాత రచయితల దగ్గర ఉన్న సాఫ్ట్‌కాపీలన్నీ అవే. ఆ అక్షరాల్ని ఉన్నవి ఉన్నట్టు నెట్‌లో పెడితే తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. నెట్‌లో తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. కానీ మార్చిన ప్రతి పేజీనీ మనిషి కూర్చుని చదవాల్సిందే. క్రావడి పక్క అక్షరానికి జారుతుంది, వత్తులు చెదురుతాయి, కొన్నిచోట్ల మాటలు కలిసిపోతాయి. ఇంకో చిక్కు పొల్లు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం కొట్టాలి, లేకపోతే కింద వ వత్తు పడిపోతుంది. కొన్ని ఫోన్ కీబోర్డుల్లో ఆ మీట వెతికినా దొరకదు. ఇవన్నీ మాస్టారు పట్టుకునేవారు. డెబ్బై దాటిన మనిషి, రాత్రి పదకొండుకి కూడా ఫోన్ చేసి, "అమ్మా, నాలుగో పేరాలో రెండో లైను చూడు" అనేవారు.

ఇంత బాధ ఎందుకు, ఫొటోల్నే పీడీఎఫ్ చేసి పెట్టేద్దాం అని కొందరు సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. కారణం ఒక పాఠకుడు. టెక్కలి వైపు పనిచేసే టీచరు, చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తుంటే వింటారు. అక్షరం యూనికోడ్‌లో ఉంటే ఫోన్ చదువుతుంది, బొమ్మగా ఉంటే సరిగ్గా చదవదు. మొదటి సంచిక ఆయన మొత్తం విన్నారు, విని ఏ కథలో ఏ పేరు తప్పు పడిందో చెప్పారు. అప్పటినుంచి మరి ఆ చర్చ రాలేదు. టైపింగుకి పేజీకి నలభై రూపాయలు. ఏడాది మీద చూసుకుంటే హోస్టింగూ డొమైనూ కలిపిన దానికి మూడింతలు దీనికే అయింది. నెట్ పత్రికకి ఖర్చే ఉండదని ఎవరన్నా అంటే నమ్మకండి.

వచ్చిన కథల్లో నన్ను ఎక్కువ కలతపెట్టింది ఇంకొకటి. వాడుక భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన పర్వతాలపేట మాకు దగ్గరే. ఆగస్టు 29 వస్తే ప్రతి బడిలో ఆయన ఫొటోకి దండ వేస్తాం. అయినా మా పిల్లలు కథ రాయడానికి కూర్చుంటే వాళ్ళ నోట ఆడే మాట కాగితం మీదికి రానివ్వరు. ఎచ్చెర్ల తీరం నుంచి ఒక డిగ్రీ అమ్మాయి కథ పంపింది. నాన్న చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి నెలల తరబడి రాడు, ఇంటి దగ్గర తల్లీ కూతుళ్ళు ఎదురుచూస్తుంటారు. మా తీరంలో ఇంటింటి కథ అది. విషయం గట్టిది, కానీ అందులో తల్లి టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. ఫోన్ చేసి, "మీ అమ్మ ఇలాగే మాట్లాడతాదా?" అని అడిగాను. కాసేపు పలకలేదు. "అలా రాస్తే నవ్వరా మేడం?" అంది. నవ్వరు, రాయి అన్నాను. పది రోజుల్లో మళ్ళీ పంపింది. మొదటి పేజీలోనే తల్లి, "ఏటే, మీ అయ్య ఫోన్ సేసినాడా?" అని అడుగుతుంది. చదువుతూ ఉంటే నాకు ఒళ్ళు పులకరించింది. సంభాషణల్లో పలుకుబడి ముట్టుకోకూడదని మేం ముగ్గురం ముందే అనుకున్నాం. ఆ కథతో ఆ నియమం పత్రికలో రాసి పెట్టేశాం.

మొదటి సంచిక 2024 జనవరి 14న, భోగి నాడు వచ్చింది. మూడు కథలు, నాలుగు కవితలు, రెండు వ్యాసాలు, ఒక జ్ఞాపకం, ఒక అనువాద కథ. పొద్దున్న ఐదింటికి మంటల దగ్గర నుంచి వచ్చి ఫోన్లో తెరిచి చూశాను. ఆ సంతోషం ఇప్పటికీ చెప్పలేను. రెండు మూడు రోజులు అందరూ అభినందించారు. వాళ్ళలో ఎందరు చదివారన్నది వేరే సంగతి. లెక్కలు చూస్తే పూర్తిగా చదివినవాళ్ళు తక్కువ, అందులోనూ మా రెండు జిల్లాల వాళ్ళు ఇంకా తక్కువ. హైదరాబాదు, బెంగళూరు, ఆ తర్వాత గల్ఫ్ దేశాలు. మా ఊళ్ళనుంచి వలసపోయినవాళ్ళే అక్కడ కూర్చుని చదువుతున్నారని కొన్ని ఉత్తరాలు వచ్చాక అర్థమైంది.

ఇప్పుడు అసలు పని గురించి. అందిన రోజే అందిందని చెప్తాం, ఆరు వారాల్లో నిర్ణయం చెప్తాం అని మాట ఇచ్చాం. పత్రిక ఇచ్చేది సంచికలో కనిపించే కథలూ కవితలూ మాత్రమే అనుకుంటారు. నా అనుభవంలో దానికంటే పెద్దది ఈ జవాబు. అచ్చయ్యే కథ ఒకటైతే వెనక్కి వెళ్ళేవి ఎనిమిదీ పదీ ఉంటాయి. ఆ ఎనిమిది మందికీ ఎవరో ఒకరు తమ కథ మొత్తం చదివారని తెలియాలి. "ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం" అని ఒక్క ముక్క పంపితే మనిషి కుంగిపోతాడు. ఏమీ పంపకపోతే ఇంకా కుంగిపోతాడు. అందుకని ఒక్కో కథకి అర పేజీ రాయాలని పెట్టుకున్నాను. ఏ చోట కథ నన్ను పట్టుకుంది, ఏ చోట వదిలేసింది, ఏ పాత్ర గురించి ఇంకా తెలుసుకోవాలనిపించింది. ఒక్కో ఉత్తరానికి గంట పట్టేది. బడి, వంట, పేపర్లు దిద్దడం అన్నీ అయ్యాక రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఇదే పని.

సాలూరు నుంచి ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరుగారు కథ పంపారు. ఏజెన్సీ రూట్లో ఆఖరి బస్సు మీద నడిచే కథ. మధ్యలో ఉపన్యాసం వచ్చి చేరింది, తీసుకోలేకపోయాం. ఉత్తరం అందిన రోజు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశారు. కోపంగా ఉంటారని భయపడుతూ ఎత్తాను. ఆయన నా ఉత్తరాన్ని నాకే చదివి వినిపించి, "ఇక్కడ బస్సు దిగిపోయిన ముసలామె గురించి అడిగారు కదమ్మా, ఆవిడ సంగతి నాకు తెలుసు, రాయలేదంతే" అన్నారు. తిరగరాసి పంపారు, మళ్ళీ అడిగాం, మళ్ళీ రాశారు. జూలై సంచికలో వచ్చింది. ఆయన ఇప్పటిదాకా ఎవరూ తన రాత మీద ఒక్క ప్రశ్న వెయ్యలేదన్నారు. అరవై ఏళ్ళు దాటిన మనిషి.

అందరూ అలా ఉండరు. తిప్పి పంపిన ఒకాయన నా ఉత్తరాన్ని స్క్రీన్‌షాట్ తీసి సాహిత్య గ్రూపుల్లో పెట్టి, హైస్కూలు టీచరుకి కథ గురించి ఏం తెలుసని రాశారు. చాలామంది దానికి చప్పట్ల బొమ్మలు పెట్టారు. రెండు రోజులు అన్నం సయించలేదు. ఉత్తరాలు రాయడం మానేద్దామా అని మాస్టారిని అడిగాను. "మానేస్తే ఆ కండక్టరుగారికి ఎవరు రాస్తారమ్మా?" అన్నారు. మానలేదు. ఒకే కథని నాలుగుచోట్లకి పంపడం, మనం ప్రూఫులు చూస్తుండగానే అది ఆదివారం అనుబంధంలో వచ్చెయ్యడం జరుగుతూనే ఉంటుంది. అది ఓర్చుకోవాలి. వేరేవాళ్ళ కవిత తన పేరుతో పంపినవాళ్ళూ ఉన్నారు. అందుకే తీసుకునేముందు రెండు మూడు పాదాలు నెట్‌లో వెతికి చూస్తాం.

డబ్బు మాట. అచ్చయిన కథకి ఐదు వందలు, కవితకి రెండు వందలు ఇవ్వాలని మొదటి రోజే అనుకున్నాం. చిన్న మొత్తమే అయినా, ఇవ్వకుండా పత్రిక నడపడం నాకు ఇష్టం లేదు. బొబ్బిలిలో ఒక గృహిణికి ఫోన్‌పే చేస్తే సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మా, ఇది నా కథకేనా, పొరపాటున వచ్చిందా?" అని అడిగారు. ఆవిడ రాతకి వచ్చిన మొదటి డబ్బట. ఇంట్లో అందరికీ చూపించారట. 2024లో ఐదు సంచికలకి రచయితలకి ఇచ్చింది పదకొండున్నర వేలు, టైపింగు పద్నాలుగు వేలు, బొమ్మలకి రెండున్నర వేలు, హోస్టింగూ డొమైనూ నాలుగున్నర వేలు. మొత్తం ముప్ఫై రెండున్నర వేలు. ముగ్గురం పంచుకున్నాం. విరాళం ఇస్తామన్నవాళ్ళు ఉన్నారు. ఒకాయన పదివేలు పంపి, వెంటనే తన పుస్తకం మీద సమీక్ష రాయించమన్నారు. ఆ రోజే తిరిగి పంపేశాం. ఇప్పుడు విరాళం ఇచ్చినవాళ్ళ రచన ఆ ఏడాది వెయ్యం, ఈ సంగతి ముందే చెప్పి తీసుకుంటాం.

డిగ్రీ కాలేజీ లెక్చరర్లు వ్యాసం పంపేముందు ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఉందా అని అడుగుతారు. అది ఢిల్లీలోని జాతీయ కేంద్రం ఇస్తుంది, పైసా ఖర్చు లేదు. మధ్యవర్తి ఒకాయన మమ్మల్ని నాలుగు వేలు అడిగారు. ఇవ్వకండి, మీరే దరఖాస్తు చేసుకోండి. రథసప్తమి వెళ్ళాక పంపితే రెండు నెలలు దాటాక వచ్చింది.

పాత కథలు మళ్ళీ వెయ్యడం మాకు ఇష్టమైన శీర్షిక, ఎక్కువ ఆలస్యమయ్యేది కూడా అదే. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళదాకా హక్కులు వారసులవి. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచన ఎవరైనా వేసుకోవచ్చు. విజయనగరం వారే అయిన కథకులు చాసో (చాగంటి సోమయాజులు) 1994లో పోయారు, 2054 చివరిదాకా అనుమతి కావాలి. పాత పత్రికలో మాకొక మంచి కథ దొరికింది. రాసినాయన పేరు ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఆయన పిల్లలు ముగ్గురు, ఒకరు రాయగడలో, ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో. ముగ్గురి సంతకాలూ చేరడానికి నాలుగు నెలలు. రాయగడలో పెద్దబ్బాయిగారికి డెబ్బై దగ్గర. తండ్రి కథ రాశారన్న సంగతే ఆయనకి తెలియదు. పేజీల ఫొటోలు పంపితే రోజంతా మాట్లాడలేదు. మర్నాడు ఫోన్ చేసి, "మా అమ్మ పేరే పెట్టాడండి ఆ పిల్లకి" అన్నారు. గొంతు వణికింది, నాకూ కన్నీళ్ళు ఆగలేదు. తెల్లకాగితం మీద సంతకంతో రాసిచ్చినా చాలు, కానీ అది లేకుండా వెయ్యకండి.

రెండో సంచిక నుంచి కథల్ని చదివి వినిపించడం మొదలుపెట్టాం. ఇది మేం ఊహించని మలుపు. చదివేవాళ్ళకంటే వినేవాళ్ళు ఎక్కువయ్యారు. నైట్ షిఫ్టులో సెక్యూరిటీ పని చేసేవాళ్ళు, వంట చేసుకుంటూ వినేవాళ్ళు, కువైట్‌లో డ్రైవర్లు. స్టూడియో లేదు. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలూ, మా వీధిలో ఒక బామ్మగారూ చదువుతారు. ఫ్యాన్ ఆపేసి, తలుపులు మూసి, ఫోన్ పక్కన దుప్పట్లు పెట్టి రికార్డు చేస్తాం. మే నెలలో పది నిమిషాల కథకి ముగ్గురు చెమటతో తడిసిపోయేవాళ్ళు. బామ్మగారు చదివితే సంభాషణ నిలబడుతుంది. అవే వాక్యాలు నేను చదివితే పాఠంలా ఉంటాయి, అందుకని నేను చదవను.

2024 సెప్టెంబరులో ఒక పొద్దున్న సైటు తెల్లగా అయిపోయింది. హోస్టింగు కంపెనీ సర్వర్లు మార్చుతోందట. చాట్‌లో అడిగితే అదే జవాబు మళ్ళీ మళ్ళీ వచ్చేది, మనిషి దొరికేవాడు కాదు. ఐదు రోజులు. రచయితలు ఒక్కొక్కరే ఫోన్లు. డీటీపీ అబ్బాయి ప్రతి సంచికకీ కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టేవాడు కాబట్టి బయటపడ్డాం. ఆ ఐదు రోజులూ నాకు నిద్ర లేదు. అచ్చు పత్రిక ఆగిపోయినా ఎవరింట్లోనో ఒక సంచిక మిగులుతుంది. నెట్ పత్రిక ఆగిపోయి డొమైను గడువు తీరితే అంతా ఒకేసారి పోతుంది. అలా పోయిన తెలుగు నెట్ పత్రికల లింకులు నా దగ్గర చాలానే ఉన్నాయి, నొక్కితే ఏమీ రాదు. అప్పటినుంచి ప్రతి సంచిక వచ్చిన వారంలోగా ప్రతి పేజీనీ, వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో భద్రపరుస్తున్నాం, అది ఉచితం. ఏడాదికోసారి సంచికలన్నీ ప్రింటు తీయించి, కుట్టించి, అట్ట వేయించి ఒకటి కథానిలయంలో, ఒకటి ఇంకో గ్రంథాలయంలో ఇస్తున్నాం. రెండు ప్రతులకీ కలిపి పన్నెండు వందలు అయింది. పత్రిక మొదలుపెట్టేవాళ్ళు ఈ పని మాత్రం మొదటి సంచికనుంచే చెయ్యండి.

నెలనెలా తేవాలని మొదలుపెట్టి ఉగాది నుంచి మూడు నెలలకొకటి చేశాం. ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషను, ఇంట్లో అమ్మకి బాగోకపోవడం, రాత్రి ఉత్తరాలు, మూడూ సాగలేదు. ఏదో ఒకటి తగ్గించాలంటే సంచికలే తగ్గించాం, ఉత్తరాలు కాదు. అది మంచి నిర్ణయమని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. కథలు బాగుపడ్డాయి, తిరగరాసేందుకు రచయితలకి టైం దొరికింది. ఈ ఏడాది ఎచ్చెర్ల అమ్మాయి మాతో కలిసి వచ్చిన కథలు చదువుతోంది. జవాబుల్లో సగం తనే రాస్తుంది, పంపేముందు నాకు చూపిస్తుంది. నాకంటే సూటిగా రాస్తుంది.

ప్రస్తుతం ఆరు వారాల మాట ఎనిమిది వారాలు దాటి సాగుతోంది. దసరాకి పంపినవాళ్ళలో కొందరికి ఇంకా జవాబు వెళ్ళలేదు, సంక్రాంతి సెలవుల్లోగా అందరికీ వెళ్తుంది. మా పత్రిక తెలిసినవాళ్ళకి ఒక మాట: 2026 ఉగాది సంచికకి జనవరి నెలాఖరుదాకా రచనలు తీసుకుంటున్నాం. యూనికోడ్‌లో పంపితే మేలు. చేతిరాతైనా పరవాలేదు, పేజీలకి నంబర్లు వెయ్యండి, ఫొటో వెలుతురులో తియ్యండి.